సాగు–సందేహాలు: పైసలు ఎకరానికా, ఆవుకా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం అమెరికా గురించే. రాసినవాళ్ళు మాత్రం వనస్థలిపురం, కూకట్‌పల్లి, చేవెళ్ళ వాళ్ళు. పిల్లలు అక్కడ, పాసుబుక్కులు ఇక్కడ. అన్నీ కలిపి జవాబులు రాస్తున్నాను. కొత్త పాఠకులకు నా సంగతి ఒక ముక్క: పరిగి, తాండూరు వైపు బ్యాంకు బ్రాంచీల్లో వ్యవసాయ అధికారిగా పంట రుణాలు రాసి రాసి రిటైరైన మనిషిని. ఇప్పుడు మలక్‌పేటలో ఉంటున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో, అమరిల్లో దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ళ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఏ రాంచ్‌కి (పశువులు మేపే పెద్ద కమతం) గవర్నమెంటు ఎంత సబ్సిడీ ఇచ్చిందో పేర్లతో సహా నెట్‌లో ఉందని చూపించాడు. వేల ఎకరాలున్నవాళ్ళకు లక్షల డాలర్లు! ఇక్కడ రైతుబంధు భూస్వాములకు పోయిందని ఏళ్ళ తరబడి తిట్టుకున్నాం. అక్కడ కూడా ఇంతేనా? అసలు ఆవులు మేపుకునేవాళ్ళకు సబ్సిడీ ఎందుకు? – ఒక గృహిణి, వనస్థలిపురం

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చూపించిన జాబితా నిజమైనదే అయి ఉంటుంది. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ అమెరికా వ్యవసాయ శాఖ రికార్డులు తెప్పించుకుని, 1995 నుంచి ఎవరికెంత ముట్టిందో కౌంటీల వారీగా పెట్టింది. కానీ ఆ జాబితా చదవడానికి కొంచెం ఓపిక కావాలి. అక్కడ కనిపించే పెద్ద అంకె తరచుగా ఒక్క ఏడాదిది కాదు, పాతికేళ్ళకు పైగా కూడిన మొత్తం. పేరు రాంచ్‌దే ఉంటుంది, దాని వెనక అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు కలిసి నలుగురైదుగురు భాగస్వాములు ఉండొచ్చు. ఇంకోటి, ఇన్సూరెన్సు ప్రీమియం మీద ప్రభుత్వం ఇచ్చే సాయం పేర్లతో బయట పెట్టకూడదని అక్కడి చట్టం. పచ్చిక భూములకు వాన తక్కువైతే డబ్బిచ్చే బీమా ఒకటుంది, దాని ప్రీమియంలో సగానికి పైగా ప్రభుత్వమే కడుతుంది. అది ఆ జాబితాలో ఎవరి పేరు మీదా కనబడదు. కాబట్టి మీరు చూసిన అంకె ఒక వైపు నుంచి ఎక్కువ, ఇంకో వైపు నుంచి తక్కువ.

ఇక ఆవులవాళ్ళకు ఎందుకు అన్న ప్రశ్న. 1933లో రూజ్‌వెల్ట్ కాలంలో మొదటి చట్టం వచ్చినప్పుడు అందులో గోధుమ, పత్తి, మొక్కజొన్న లాంటివి ఉన్నాయి, ఆవులు లేవు. మాకు ప్రభుత్వం జోక్యం వద్దని పశువులవాళ్ళే పక్కకు నిలబడ్డారు. ఏడాది తిరక్కుండా 1934 కరువు వచ్చింది. మేత లేదు, నీళ్ళు లేవు, కొనేవాడు లేడు. ప్రభుత్వమే దిగి ఎనభై లక్షలకు పైగా పశువులను కొన్నది. తినడానికి పనికొచ్చినవి పేదల సహాయానికి మాంసంగా పోయాయి, పనికిరానివాటిని అక్కడికక్కడే తుపాకితో కాల్చి చంపేశారు. ఇప్పటికీ రాంచర్లు ‘మేం మొక్కజొన్న రైతుల్లా సర్కారు డబ్బు మీద బతకం’ అంటుంటారు. ధరల మద్దతు, పంటల పథకాల వరకు చూస్తే ఆ మాట నిజమే. కరువు దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది.

ఇప్పుడున్న ముఖ్యమైన పథకం పేరు లైవ్‌స్టాక్ ఫోరేజ్ ప్రోగ్రాం. మనం ‘మేత కరువు సాయం’ అనుకుందాం. 2008 చట్టంలో పుట్టింది, 2014లో శాశ్వతమైంది. ఇది నడిచే తీరు నాకు భలే ఆసక్తిగా అనిపిస్తుంది, అందుకే కాస్త విడమరచి చెబుతాను. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలోని ఒక కేంద్రం కేంద్ర ప్రభుత్వ సంస్థలతో కలిసి 1999 నుంచి వారం వారం దేశం మొత్తానికి కరువు మ్యాపు వేస్తుంది. ప్రతి గురువారం విడుదల. పసుపు రంగుంటే కాస్త పొడి, నారింజ రంగొస్తే తీవ్ర కరువు, ఎరుపు అంటే అతి తీవ్రం, ముదురు ఎరుపంటే ఇక చెప్పేదేం లేదు. ఈ రంగే డబ్బు నిర్ణయిస్తుంది. పశువులు మేసే కాలంలో మీ కౌంటీలో నారింజ రంగు ఎనిమిది వారాలు ఆగకుండా ఉంటే ఒక నెల మేత ఖర్చు లెక్కన సాయం అందేది. 2025 చట్టం ఆ గడువును నాలుగు వారాలకు తగ్గించింది. ఎరుపు ఒక్కసారి తగిలినా మూడు నెలల సాయం. ముదురు ఎరుపు నాలుగు వారాలుంటే ఐదు నెలలది.

మేత ఖర్చంతా ఇవ్వరు, అందులో 60 శాతమే. అదీ రెండు లెక్కలు కట్టి ఏది తక్కువైతే దాని మీద: ఉన్న పశువులకు ఎంత మేత కావాలి అన్నది ఒకటి, ఉన్న భూమి మామూలు ఏడాదిలో ఎన్ని పశువులను మేపగలదు అన్నది రెండోది. అంటే పదెకరాల బీడులో వెయ్యి ఆవులున్నాయని రాసి డబ్బు గుంజలేరు, పదివేల ఎకరాలుండి ఒక్క ఆవు లేకపోయినా రాదు. లెక్క కోసం ఆవుకు నెల మేత 50 డాలర్లనుకుందాం. మూడొందల ఆవులవాడికి ఎరుపు తగిలితే నెలకు 9,000 చొప్పున మూడు నెలలకు 27,000 డాలర్లు. రెండు వేల ఆవులవాడికి ముదురు ఎరుపులో ఐదు నెలలకు మూడు లక్షల డాలర్లు రావాలి, కానీ ఒక మనిషికి ఏడాదికి 1,25,000 డాలర్లు దాటకూడదని పరిమితి. మరి పరిమితి మనిషికి కదా, భాగస్వాములు ముగ్గురుంటే? మీరు ఊహించింది కరెక్టే. మన దగ్గర భూపరిమితి చట్టం వచ్చినప్పుడు రాత్రికి రాత్రి బావమరుదుల పేర్లన్నీ రికార్డుల్లోకి ఎక్కలేదా! సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటినవాళ్ళకు మామూలుగా ఈ సాయం లేదన్న నియమం కూడా ఉంది, అయితే ఆ గీత మరీ ఎత్తులో ఉంది.

ఇందులో ఒక తిరకాసుంది. కరువు లెక్కకు యూనిట్ కౌంటీ. కౌంటీలో ఏదో ఒక మూల ఎరుపు తగిలితే చాలు, కౌంటీ మొత్తానికి అర్హత వస్తుంది. ఒకే కంచెకు ఇటు ఒక కౌంటీ, అటు ఒక కౌంటీ ఉంటే ఇటువాడి ఖాతాలో డబ్బు పడుతుంది, అటువాడు చూస్తూ నిలబడతాడు. మహబూబ్‌నగర్, నల్లగొండ వాళ్ళకు ఈ బాధ చెప్పాల్సిన పనిలేదు. పక్క మండలాన్ని కరువు మండలంగా ప్రకటించి మన మండలాన్ని వదిలేసిన ఏడాది, రుణాల రీషెడ్యూలు కోసం బ్యాంకుకు వచ్చిన రైతులకు గీత అవతల ఉన్నావని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆకాశానికి మండలం హద్దులు తెలియవు గానీ మా ఫారాలకు తెలుసు.

గీత ఎక్కడ గీయాలో పట్టించుకోకపోతే ఏమవుతుందో కూడా అమెరికా చూసింది. 2003లో అప్పటి పశువుల నష్టపరిహార పథకానికి కౌంటీలో ఏదో ఒక ‘విపత్తు’ ప్రకటన ఉంటే చాలన్నారు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా స్పేస్ షటిల్ కూలింది, మన కల్పనా చావ్లా పోయింది అందులోనే. శకలాలు తూర్పు టెక్సాస్ మీద పడ్డాయి, వాటి కోసం అక్కడి కౌంటీలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించారు. దాంతో ఆ కౌంటీల రాంచర్లకు పశువుల పరిహారం అర్హత వచ్చింది! గడ్డి పచ్చగా ఉంది, ఆవులు బాగానే ఉన్నాయి. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక 2006లో ఇది బయటపెట్టింది. కరువు మ్యాపు రంగుకు డబ్బును ముడిపెట్టడం ఆ తర్వాత వచ్చిన పద్ధతి. నాకైతే అందులోని మేలు స్పష్టంగా కనిపిస్తుంది: ఎమ్మెల్యే ఫోన్ చేసినా మ్యాపు రంగు మారదు.

మిగతా దారులు క్లుప్తంగా. దున్నే భూమిని పదీ పదిహేనేళ్ళు దున్నకుండా గడ్డికి వదిలితే ఏటా అద్దె ఇచ్చే పథకం 1985 నుంచి ఉంది, మనిషికి ఏడాదికి 50,000 డాలర్లు దాటదు. పడమటి రాష్ట్రాల్లో కేంద్ర ప్రభుత్వ భూముల్లో మేపుకుంటే ఆవూ దూడా కలిపి నెలకు ఒక రుసుము. 1986లో రేగన్ ఉత్తర్వుతో 1.35 డాలర్లు కనీస ధరగా పెట్టారు, 2019 నుంచి 2025 దాకా అక్కడే నిలిచింది. ప్రైవేటు బీడుకు అంతకు ఎన్నో రెట్లు ఇవ్వాలి. అది కూడా సబ్సిడీనే, చెక్కు రాదు కాబట్టి జాబితాలో ఉండదు. మీ అబ్బాయి ఉన్న టెక్సాస్‌లో మాత్రం అలాంటి భూమి దాదాపు లేదు, అక్కడ అంతా ప్రైవేటే.

ఇప్పుడు రైతుబంధు. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలుపెట్టినప్పుడు పంటకు ఎకరానికి 4,000 రూపాయలు, తర్వాతి ఏడాది 5,000. ఎన్ని ఎకరాలైనా సరే. రెండెకరాలవాడికి ఏడాదికి 20,000, యాభై ఎకరాలవాడికి 5 లక్షలు. ఎండిందా, పండిందా, వేశాడా, వేయలేదా అని అడిగేది లేదు. 2025 జనవరి 26న రైతు భరోసా అని పేరు మార్చి ఎకరానికి ఏడాదికి 12,000 చేశారు. గుట్టలు, రోడ్లు, లేఅవుట్లు తీసేస్తామన్నారు. మంచిదే. కొలత మాత్రం ఎకరమే. పీఎం-కిసాన్ కొలత వేరు: కుటుంబానికి ఏడాదికి 6,000, ఎకరమున్నా పదెకరాలున్నా అంతే, పైగా ఇన్‌కమ్‌ట్యాక్స్ కట్టేవాళ్ళకూ పదివేలకు పైన పెన్షన్ వచ్చేవాళ్ళకూ లేదు.

నా సంగతే తీసుకోండి. పరిగి దగ్గర నాన్న ఇచ్చిన రెండెకరాలు నా పేరు మీద ఉన్నాయి. కంది, పత్తి వేసేది తమ్ముడు. బ్యాంకు పెన్షన్ ఉంది కాబట్టి పీఎం-కిసాన్‌కి నేను పనికిరాను. రైతుబంధుకి మాత్రం మలక్‌పేటలో కూర్చుని ‘రైతు’నయ్యాను, ఫోన్‌కి మెసేజ్ వచ్చేది. తమ్ముడికి పంపేదాన్ని, అది మా ఇంటి సంగతి. పథకం అడగలేదు, పాసుబుక్కును చూసి ఇచ్చింది. మీ ప్రశ్నకు నా జవాబు అందులోనే ఉందమ్మా. ఎవరు ధనికులు, ఎవరు పేదలు అని పథకంలో ఎంత రాసినా, డబ్బును దేనితో కొలుస్తున్నారో అదే చివరికి ఎవరికి పోవాలో తేలుస్తుంది. ఎకరంతో కొలిస్తే ఎకరాలున్నవాడికి పోతుంది. ఆవుతో కొలిస్తే ఆవులున్నవాడికి పోతుంది, కానీ కనీసం మేత కొనాల్సిన మనిషి చేతికి పోతుంది. ఆ మేరకు మీ అబ్బాయి పక్కింటి రాంచర్ లెక్క మన లెక్క కన్నా మేలు. పెద్దవాళ్ళకు ఎక్కువ పోవడం రెండింట్లోనూ ఉంది.

అన్నట్టు, పీఎం-కిసాన్ లబ్ధిదారుల జాబితా ఊరి వారీగా దాని పోర్టల్‌లోనే ఉంది. అమెరికా కౌంటీ చూసిన ఓపికతో ఒకసారి మీ ఊరిది కూడా చూడండి.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు ఆస్టిన్‌లో సాఫ్ట్‌వేర్. ఫ్రెండ్స్ అంతా ఊరి బయట 15, 20 ఎకరాల ‘రాంచ్’ కొంటున్నారట. నాలుగు ఆవులు పెడితే గవర్నమెంటు డబ్బులిస్తుంది, ట్యాక్స్ కూడా ఉండదు అంటున్నాడు. హెచ్1బి మీద ఉన్నాడు. ఇక్కడి ప్లాటు అమ్మి పంపమంటున్నాడు. నమ్మొచ్చా? – రిటైర్డ్ ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: ప్లాటు అమ్మే ముందు ఈ జవాబు రెండుసార్లు చదవండి సార్.

డబ్బులిస్తుందన్నది మర్చిపొమ్మనండి. నేను పైన చెప్పిన మేత సాయం అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు. హెచ్1బి దానికి చాలదు. గ్రీన్‌కార్డు వచ్చినా పశువులు వ్యాపారం కోసం పెంచుతున్నట్టు ఉండాలి, సరదాకి పెంచితే లెక్కలోకి రావు. కరువు మొదలయ్యే ముందు అరవై రోజుల్లో అవి తన చేతిలో ఉండి ఉండాలి, మ్యాపు ఎర్రబడ్డాక కొనుక్కొస్తే కుదరదు. దరఖాస్తులు చూసే కౌంటీ కమిటీలో కూర్చునేది కూడా చుట్టుపక్కల రైతులు ఓటేసి ఎన్నుకున్న రైతులే. ఎవరి గడ్డి ఎంతో వాళ్ళకు తెలుసు.

ట్యాక్స్ సంగతిలో కొంత నిజముంది. టెక్సాస్‌లో ఆస్తిపన్ను బాగా ఎక్కువ. భూమిని వ్యవసాయానికి వాడితే మార్కెట్ ధర మీద కాకుండా ఆ భూమి పంట, పచ్చిక ఇచ్చే విలువ మీద పన్ను వేస్తారు. పన్ను ఉండదని కాదు, బాగా తగ్గుతుంది. షరతు ఏమిటంటే గడిచిన ఏడేళ్ళలో ఐదేళ్ళయినా ఆ భూమి వ్యవసాయంలో ఉండాలి. ఎన్ని ఎకరాలకు ఎన్ని ఆవులు ఉండాలో ఏ కౌంటీకి ఆ కౌంటీ నిర్ణయిస్తుంది. ఐదు నుంచి ఇరవై ఎకరాల లోపువాళ్ళకు తేనెటీగలు పెంచినా చెల్లుతుంది, మన పిల్లల్లో చాలామంది ఆ దారే పడుతున్నారు. ఆవులు కట్టేయనక్కర్లేదు, వీకెండ్ పాడవదు! కొందరు పక్క రాంచర్‌ను పిలిచి మా గడ్డి నువ్వు మేపుకో అంటారు. అలా చేస్తే పన్ను రాయితీ మీవాడికి, కరువు సాయం ఆవులున్న రాంచర్‌కి.

రేపు ఆ భూమిలో ప్లాట్లు వేసినా, వేరే పనికి మార్చినా వెనకటి మూడేళ్ళ తేడా పన్ను కట్టమంటారు. కొనే ముందు ఆ స్థలం ఇప్పుడు వ్యవసాయ విలువలో ఉందా లేదా, ఎన్నేళ్ళుగా ఉంది అని కౌంటీ అప్రైజల్ ఆఫీసులో అడగాలి. అమ్మేవాడి నోటిమాట చాలదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివాళ్ళు వ్యవసాయ భూమి కొంటే తొంభై రోజుల్లో వ్యవసాయ శాఖకు తెలియజేయాలని 1978 చట్టం. పదెకరాల లోపు ఉండి, దాని మీద రాబడి ఏడాదికి వెయ్యి డాలర్లు దాటకపోతే మినహాయింపు. మీవాడు కొనాలనుకునే పదిహేను, ఇరవై ఎకరాలకు తప్పనిసరి. దాచిపెడితే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా పోవచ్చు. అక్కడి లాయరుకు ముందే డబ్బిచ్చి అడగడం చౌక.

ఆ ‘రాంచ్ ప్లాట్లు’ అమ్మేవాళ్ళ కథ కొత్తది కాదు. 1996 నుంచి అక్కడ, ఒకప్పుడు వరి పండిన ఎకరాలకు వరి వేసినా వేయకపోయినా ఏటా డబ్బిచ్చే పద్ధతి నడిచింది. హ్యూస్టన్‌కి పడమర వైపు పాత వరి పొలాలను ఇళ్ళ స్థలాలుగా కోసి అమ్మారు, ఇల్లు కట్టుకున్న ఉద్యోగస్తులకు పెరట్లోని గడ్డి మీద వరి సబ్సిడీ వచ్చింది. దాన్నీ పత్రికలవాళ్ళే 2006లో బయటపెట్టారు, 2014 చట్టంతో ఆ పద్ధతి పోయింది. షాద్‌నగర్, ఇబ్రహీంపట్నం వైపు హద్దురాళ్ళు పాతిన లేఅవుట్లకు రైతుబంధు పడిందంటే మనవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు గానీ, హ్యూస్టన్‌వాళ్ళు మనకన్నా ముందే ఆ పని చేసి ఉన్నారు.

నా సలహా: ప్లాటు ఉంచండి. అబ్బాయికి గ్రీన్‌కార్డు వచ్చాక, సొంత డబ్బుతో కొనుక్కోమనండి.

ప్రశ్న: అక్కా, చేవెళ్ళ దగ్గర ఆరెకరాలు కౌలుకు చేస్తున్నా. పట్టాదారు బంజారాహిల్స్‌లో ఉంటడు. రైతుబంధు ఆయనకే, రైతు భరోసా ఆయనకే. ఎన్నికలప్పుడు కౌలు రైతులకు కూడా ఇస్తమన్నరు. అమెరికాల కౌలు రైతుకు ఎవరిస్తరు? – కౌలు రైతు, చేవెళ్ళ

జవాబు: తమ్ముడూ, మేత సాయంలో అయితే కౌలుదారుకే ఇస్తారు. భూమి కౌలుకు తీసుకుని నగదు అద్దె కట్టి, తన ఆవులు మేపుకునేవాడికే ఆ డబ్బు. నష్టం ఎవరి మీద పడుతుందో వాళ్ళే అర్హులు అని నియమంలోనే ఉంది. పంటల పథకాల్లో కూడా నగదు కౌలైతే సాగుచేసేవాడికి, పంటలో వాటా ఇచ్చే పాలు కౌలైతే ఇద్దరికీ పంచుతారు.

అట్లని అక్కడ కౌలు రైతు సుఖంగా ఉన్నాడనుకోకు. సాయం నీకొస్తోందని తెలిస్తే భూమి యజమాని ఏం చేస్తాడు? కౌలు పెంచుతాడు. 2009లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధన ప్రకారం సబ్సిడీ డాలరులో సుమారు పావు వంతు కౌలు పెంపు రూపంలో యజమాని జేబులోకే పోయింది. ముప్పావు వంతు మాత్రం దున్నేవాడి దగ్గర నిలిచింది. మన దగ్గర మొత్తం రూపాయి పట్టాదారుకు పోయి, కౌలు కూడా తగ్గలేదు. బంజారాహిల్స్ ఆయన మీద నాకేం కోపం లేదు, నేనూ మలక్‌పేట పట్టాదారునే. కానీ పెట్టుబడి సాయం అని పేరు పెట్టినప్పుడు విత్తనం, ఎరువు కొనేవాడికి ఇవ్వకపోవడానికి నాకు ఇంతవరకూ ఒక్క మంచి కారణం ఎవరూ చెప్పలేదు. కౌలు కాగితం రాస్తే భూమి పోతుందని పట్టాదారు భయం, అది నిజమైన భయమే. ఆ భయం తీర్చడానికే 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం చేశారు: కార్డు ఏడాదికి, దాంతో భూమి మీద హక్కు రాదు, అప్పు మాత్రం పుడుతుంది. ఆ చట్టాన్ని దుమ్ము దులిపి వాడితే సరిపోయేది.

ఇప్పటికి నువ్వు చేయగలిగింది చెప్తా. నీలాంటి కౌలుదార్లు నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి జాయింట్ లయబిలిటీ గ్రూపు కట్టండి. నాబార్డు చెప్పిన పద్ధతే, ఒకరికొకరు పూచీ. పాసుబుక్కు తనఖా లేకుండా బ్యాంకు అప్పివ్వొచ్చు. 2025 జనవరి 1 నుంచి వ్యవసాయ రుణం మనిషికి 2 లక్షల దాకా తనఖా అడగొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది. మేనేజరు ‘మా బ్రాంచిలో లేదు’ అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమను. రాయరు. అక్కడ్నుంచి మాట మారుతుంది, నేను ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి తెలుసు. పంట నమోదుకు ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) వచ్చినప్పుడు పొలంలో నువ్వుండు, సాగు ఎవరు చేస్తున్నారో రాయమని అడుగు.

ప్రశ్న: అమెరికా రాంచర్లు ఆ సబ్సిడీ మీద పన్ను కడతారా? – విద్యార్థి, ఓయూ

జవాబు: కడతారు. అది వ్యవసాయ ఆదాయంలో కలిసిపోతుంది, లాభముంటే పన్ను. మన దగ్గర వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఇన్‌కమ్‌ట్యాక్స్ లేదు. పెద్ద కమతాల మీద పన్ను వేయమని కె.ఎన్. రాజ్ కమిటీ 1972లోనే చెప్పింది. మీరు ఎకనామిక్స్ చదువుతుంటే ఆ నివేదిక లైబ్రరీలో వెతకండి, పరీక్షకు కూడా పనికొస్తుంది.

ప్రశ్న: మాది కురుమ కుటుంబం. మా బాబాయికి యాదాద్రి జిల్లాలో గొర్రెలున్నాయి, నేను జియాగూడ మండీలో కమీషన్ దగ్గర పనిచేస్తా. మొన్న వరదలో కొన్ని కొట్టుకుపోయినయ్. అమెరికాలో చచ్చిన ఆవుకు కూడా డబ్బిస్తరట, మాకేం లేదా? – జియాగూడ

జవాబు: అక్కడ ఇస్తారు. మంచు తుఫాను, వరద, విపరీతమైన ఎండలో చస్తే మార్కెట్ ధరలో 75 శాతం. ప్రభుత్వం మళ్ళీ అడవుల్లోకి వదిలిన తోడేళ్ళు తిన్నా ఇస్తారు, 1995లో ఎల్లోస్టోన్ పార్కులో తోడేళ్ళను తెచ్చి వదిలాక చుట్టుపక్కల రాంచర్లు గోల పెడితే అది కూడా లెక్కలోకి వచ్చింది.

మీకు కూడా ఉంది. 2017లో మన సర్కారు గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీతో ఇచ్చిన ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు గురించి కాదు నేను చెప్పేది. అది మంద పెంచే పథకం. పోయిన జీవాలకు విపత్తు సహాయ నిధి వేరు. కేంద్రం 2022–26కి ఇచ్చిన లెక్కల ప్రకారం పాడి ఆవు, గేదెకు 37,500 రూపాయలు, గొర్రె లేదా మేకకు 4,000. ఇంటికి ముప్పై చిన్న జీవాల వరకే. జియాగూడలో గొర్రె ఎంతకు పోతుందో మీకు నాకన్నా బాగా తెలుసు, కాబట్టి 4,000 అంటే మీకు నవ్వొస్తుంది. నష్టంలో ఇంత శాతం అనకుండా జీవానికి ఇంత అని ఒక అంకె రాసి పెడితే, ధర పెరిగిన కొద్దీ ఆ సాయం కరిగిపోతుంది.

ఉన్నదాన్ని వదలొద్దు. బాబాయిని వెంటనే తహసీల్దార్ ఆఫీసులో, పశువుల డాక్టరు దగ్గర రాతపూర్వకంగా చెప్పమనండి, రసీదు తీసుకోమనండి. దొరికిన కళేబరాలకు పోస్ట్‌మార్టం రిపోర్టు ఉండాలి, పూడ్చేముందు తేదీ కనబడేలా ఫోటోలు తీయాలి. కొట్టుకుపోయి దొరకనివాటికి ఊరి పంచనామా అవసరం, సర్పంచ్, కార్యదర్శి సంతకాలతో. స్కీములో వచ్చిన గొర్రెలైతే చెవి ట్యాగు నంబరుతో బీమా కాగితం ఉందేమో ఇంట్లో వెతకమనండి. ఆ బీమా గడువు అయిపోయి ఉంటే దాని వెంట తిరగడం దండగ, తహసీల్దార్ దగ్గరికే పోండి.